అమ్మకమునకు ముందు వంటింటి వెనుక గది

ఇల్లు అమ్మదలచిన గృహస్థుడు ముందుగదికి క్రొత్తగా రంగు వేయించును. గుమ్మమునకు పసుపు రాయించి మామిడాకుల తోరణము కట్టించును. పడకగదుల కిటికీలకు ఉతికిన తెరలు తగిలించును. వంటింటి గట్టుపై పేరుకొనిన జిడ్డును తోమించి, వచ్చువారు కూర్చుండుచోట పూలకుండీ యొకటి అమర్చును. ఇంత శ్రద్ధ చూపినవాడును వంటింటి వెనుకనున్న చిన్నగది తలుపు మాత్రము చేరవేసి, "అది యుటిలిటీ అండీ, వాషింగ్ మెషీను పెట్టుకునే చోటు" అని ఒక్క మాటతో ముందుకు సాగిపోజూచును. వచ్చినవారు సాగిపోరు. వారిలోని ఇల్లాలు, ఆమెకంటె ముందుగా ఆమె అత్తగారు, ఆ తలుపు తెరచి లోపలికి అడుగుపెట్టి, నేల చూచి, గోడ చూచి, కుళాయి త్రిప్పి, నీరు ఎటు పోవుచున్నదో కొంతసేపు నిలిచి చూతురు. ముందుగదిలో కాఫీ త్రాగుచు గడపిన అరగంటకంటె ఇక్కడ నిలిచిన రెండు నిమిషములే పెక్కు బేరములను నిర్ణయించునని నా విశ్వాసము.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలోని ఫ్లాటులలో ఈ గది నేడు దాదాపు తప్పనిసరియైన అంగము. సామాన్యముగా దాని కొలత నాలుగడుగుల వెడల్పు, ఆరేడడుగుల పొడవు; ఒక ప్రక్క గిన్నెలు తోముటకు సింకు గాని, నేలకు జానెడెత్తున కట్టిన తొట్టి గాని; ఒక మూల వాషింగ్ మెషీను, దాని వెనుక కుళాయియు ప్లగ్గును; మరియొక మూల గ్యాసు సిలిండరు; బయటివైపు ఇనుప గ్రిల్లు; పైన దండెము. మన పాత ఇండ్లలో పెరడంతయు నిర్వహించిన పనులు నేడు ఈ పాతికముప్పది చదరపు అడుగులలో జరుగవలసియున్నవి. పెరటిలో బావి యుండెను, బావిగట్టు ప్రక్క బట్టలుతుకు బండ యుండెను, అంట్లు తోముటకు బూడిదయు కొబ్బరిపీచును ఉండెను. పారబోసిన నీరు అరటిపాదులకో కనకాంబరముల మడికో పోవుచుండెను. మిగిలిన తడిని ఎండ త్రాగివేయుచుండెను. ఫ్లాటులో మట్టి లేదు, నడినెత్తిన పడు ఎండ లేదు. పోసిన ప్రతి చెంబెడు నీరును ఒక జాలీ గుండనే పోవలెను, తడిసిన ప్రతి గోడయు ఒక గ్రిల్లు గుండ వచ్చు గాలితోనే ఆరవలెను. ఇంటిని కట్టినవాడు నీటి విషయమున చూపిన అశ్రద్ధయు, అందులో కాపురమున్నవాడు చూపిన అశ్రద్ధయు మొట్టమొదట బయటపడు తావు కావుననే అనుభవజ్ఞులైన స్త్రీలు అక్కడ నిలిచి చూచుట. అద్దెయిండ్లలో జాలీ పొంగి వంటింటిలోనికి మురుగు వచ్చిన రాత్రిని ఒక్కమారు అనుభవించిన గృహిణి, తాను కొనబోవు ఇంటిలో ఆ సంగతి చూడకుండ బయానా ఇచ్చుటకు భర్తను అంగీకరింపనీయదు.

కావున ఈ గదిని అమ్మకమునకు సిద్ధము చేయుట యనగా దానిని అలంకరించుట గాదు, బాగుచేయుట. ఈ రెంటికిని గల భేదమును గ్రహించిన అమ్మకందారునకు ధనమును కాలమును రెండును కలిసివచ్చును.

మొదటి పని ఖాళీ చేయుట. ఏండ్లతరబడి కాపురమున్న ఇంటిలో ఈ గదికి చేరని వస్తువు లేదు. అట్టపెట్టెలు, ఖాళీయైన నూనె డబ్బాలు, పాత వార్తాపత్రికలు, ఒక చెవి విరిగిన ప్లాస్టికు బకెట్టు, ఎన్నడో రంగు వేయించినపుడు మిగిలి గడ్డకట్టిన రంగు డబ్బా, అటకపై చోటులేక దింపిన ఆవకాయ జాడీలు, అరిగిన చీపుళ్లు, పిల్లవాడు చిన్ననాడు త్రొక్కిన మూడు చక్రముల బండి. ఇవన్నియు గోడనంటి నిలిచి, గాలి తగులనీయక, తమ వెనుక చెమ్మను దాచియుంచును. వీనిని తీసి బాల్కనీలో పేర్చినచో చెత్త ఒక చోటినుండి మరియొక చోటికి మారును గాని పోదు; కొనవచ్చినవారు బాల్కనీయును చూతురు. ఇచ్చివేయదగినది ఇచ్చివేసి, పాతసామానులవానికి వేయదగినది వేసి, క్రొత్త ఇంటికి తీసుకొనిపోదలచినదానిని ఇప్పుడే మూటకట్టి బంధువుల ఇంట నుంచుట మేలు. గది పూర్తిగా ఖాళీయై, వాషింగ్ మెషీనును కూడ ముందుకు జరిపిన పిమ్మట, పగటివేళ తలుపు తెరచి ఒకమారు నాలుగు గోడలను చూడవలెను. అమ్మువారిలో అనేకులు తమ సొంత గోడను చూచుట అదే మొదటిసారి యగును.

అప్పుడు కనబడునది సాధారణముగా తెల్లని పూత. మన నగరములలో అనేక గృహసముదాయములకు బోరు నీరే ఆధారము. మున్సిపాలిటీ నీరు వచ్చు చోట్లను అది ఈ పనులకు చాలదు. బోరు నీటిలో కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణములు, నీరు ఆవిరియైపోగా కుళాయి మూతిమీదను, సింకు అంచులందును, టైల్సుమీదను రాయివలె గట్టిపడి మిగులును. దీనిని వదలించుటకు మనవారు చేయు మొదటి పని బజారునుండి ఆసిడు సీసా తెచ్చి పోయుట. ఇది చేయదగని పని. మన యుటిలిటీ గదులలో అరలకును గట్లకును వాడు కడప బండ, నేలకు వాడు తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు అన్నియు సున్నపురాతి జాతివే. ఆసిడు తగిలినంతనే బుసబుస పొంగి, పైనున్న నునుపు పోయి, తెల్లని మచ్చలు శాశ్వతముగా నిలిచిపోవును. గ్రానైటుకు అంత హాని లేదు గాని, టైల్సు మధ్యనున్న సిమెంటును ఆసిడు తినివేయును, ఆ సందులగుండ నీరు క్రిందికి దిగును. దీనికంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు: బ్లీచింగు పొడి చల్లిన నేలమీద ఆసిడు పోసినచో క్లోరిను వాయువు వెలువడును. 1915లో ఈప్రె యుద్ధభూమియందు సైనికుల ఊపిరితిత్తులను దగ్ధము చేసినది ఆ వాయువే. నాలుగడుగుల గదిలో, సగము మూసిన తలుపు వెనుక, వంగి నేల రుద్దుచున్న పనిమనిషిచేత దానిని పీల్పించుట ఎంతటి అపచారమో చెప్పనక్కరలేదు.

బండలులేని చోట్ల, అనగా స్టీలు కుళాయిమీదను స్టీలు సింకునందును, గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కరగించి, ఆ నీటిలో ముంచిన పాతగుడ్డను చుట్టి అరగంట యుంచినచో పూత మెత్తబడి ఊడివచ్చును. బండలమీద నిమ్మ ఉప్పును పనికిరాదు, అదియును పులుపే; అక్కడ సబ్బునీరు, గట్టి కుచ్చుల బ్రష్షు, ఓపిక ఈ మూడే సాధనములు. ఒక్కనాటితో పోదు. రెండు మూడు రోజులు వరుసగా చేయించవలెను.

ఇక జాలీ సంగతి. చూచుటకు అరచేతియంత వస్తువు. ఈ గదిలో దీనికంటె ముఖ్యమైనది లేదు. పైనున్న స్టీలు మూతను తీసినచో క్రింద గిన్నెవంటి అర యొకటి కనబడును; ప్లంబర్లు దీనిని నహానీ ట్రాపు అందురు. అందులో ఎల్లప్పుడును రెండంగుళముల లోతున నీరు నిలిచియుండవలెను. ఆ నిలిచిన నీరే క్రింది మురుగుగొట్టమునందలి దుర్గంధమును, బొద్దింకలను ఇంటిలోనికి రాకుండ నడ్డగించు కవాటము. గిన్నెలు తోముచోట అన్నపు మెతుకులు, నూనె జిడ్డు, వాషింగ్ మెషీనునుండి వచ్చు నూలుపోగులు, తలవెండ్రుకలు అన్నియు ఇందులో చేరి, జిడ్డు గడ్డకట్టి, నీటి దారిని క్రమముగా మూసివేయును. చేతికి తొడుగు వేసికొని, ఆ మూతను తీసి, లోపలి గిన్నెను పైకి లాగి, పేరుకొనిన నల్లని ముద్దను తీసి కాగితములో చుట్టి పారవేసి, వేడినీళ్లు సబ్బుతో కడిగి, మరల యథాస్థానమున అమర్చుట పావుగంట పని. తరువాత ఒక బకెట్టెడు నీటిని ఒక్కమారుగా కుమ్మరించి చూడవలెను. గలగలమని పోయి, నేలమీద ఎక్కడను నిలువనిచో సరియే. నీరు పోవుటకు బదులు ఒక మూలకు చేరి మడుగు కట్టినచో వాలు చెడినదన్నమాట. నాలుగడుగుల పొడవునకు అర అంగుళమైనను వాలు లేని నేలను మేస్త్రీచేత సరిచేయించుట తప్పదు. ఈ ఖర్చునకు వెనుదీయరాదు. ముందుగది సోఫాకు క్రొత్త గలేబులు కుట్టించిన సొమ్ముతో ఈ పని కావచ్చును, ఫలము దానికంటె ఎన్నో రెట్లు.

ఈ సందర్భమున అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ ఫ్లాటు తాళము వేసియుంచిన తెలుగువారికి ఒక మాట చెప్పవలసియున్నది. నెలల తరబడి నీరు వాడని ఇంటిలో ట్రాపునందలి నీరు ఆవిరియైపోవును. ఆ కవాటము తొలగినంతనే మురుగు వాసన ఇల్లంతయు నిండును. ఆరు నెలల తరువాత మధ్యవర్తి తాళము తీసి కొనువారిని లోపలికి తీసుకొనిపోవునపుడు వారి ముక్కుకు తగులునది ఆ వాసన. "డ్రైనేజీ ప్రాబ్లం ఉన్నట్టుందే" అని వారు తమలో తామనుకొని వెడలిపోదురు. నిజమునకు ఆ ఇంటికి ఏ జబ్బును లేదు. బంధువులలో ఎవరినైనను పదిపదిహేను రోజులకొకమారు వెళ్లి, యుటిలిటీలోను స్నానపుగదులలోను ప్రతి జాలీయందును ఒక మగ్గెడు నీరు పోయుమని కోరుట చాలును. మరింత కాలము మూసియుంచవలసినపుడు ఆ నీటిపై ఒక చెంచెడు వంటనూనె వేసినచో అది తెట్టుగా నిలిచి నీటిని త్వరగా ఆవిరి కానీయదు. వాషింగ్ మెషీను తలుపును కూడ రెండంగుళములు తెరచియుంచవలెను. మూసినచో రబ్బరు అంచున నల్లని బూజు పట్టును.

అన్నిటికంటె కఠినమైనది చెమ్మ. ఖాళీచేసిన గది గోడమీద రంగు ఉబ్బి, పొరలు పొరలుగా లేచి, వ్రేలితో తాకినంతనే పెచ్చులూడుచున్నచో, అమ్మువాని మనస్సులో పుట్టు మొదటి ఆలోచన పుట్టీ పెట్టించి రంగు కొట్టించుట. పెయింటరును అడిగిన "రెండు రోజుల్లో కొత్తగోడ చేసి ఇస్తానండీ" అనును. అతడు చెప్పినట్లే చేయును. నెలతిరుగకమునుపే, తరచుగా బేరము కుదిరి రిజిస్ట్రేషనునకు ముందే, అదే చోట అదే మచ్చ తేలును. చెమ్మకు మూలము వెదకకుండ రంగు వేయుట ధనమును గోడకు పూసివేయుటయే.

మూలము వెదకుటకు మచ్చ యొక్క ఆకారమే చాలవరకు దారి చూపును. పైకప్పునందు గుండ్రని మరకగా నున్నచో పైయింటివారి జాలీ చుట్టునో గొట్టపు అతుకునందో లోపమున్నదనుకొనవలెను. గోడ అడుగున నేలనంటి పట్టీవలె పొడవుగా నున్నచో మన నేల టైల్సు సందులగుండ దిగిన నీరే కారణము. కుళాయికి పైనగాని క్రిందగాని నిలువుగా సాగిన చారయైనచో గోడలోపలి గొట్టము కారుచున్నది. మన ఫ్లాటునకు వచ్చు వాల్వును ఊరు వెళ్లినపుడు రెండు రోజులు కట్టివేసి, చార తగ్గినదో లేదో చూచినచో ఇది తెలియును. బయటిగోడ వానాకాలమందు మాత్రమే తడియగుచున్నచో పగుళ్లగుండ వాన నీరు చొచ్చుచున్నది. ఏదియు తేలనపుడు ఒక సులభోపాయము కలదు: మూరెడు చదరపు ప్లాస్టికు కాగితమును గోడకు పరచి, నాలుగంచులను టేపుతో గట్టిగా అతికించి, ఒక పగలు ఒక రాత్రి అట్లే యుంచి విప్పవలెను. గోడవైపున నీటిబిందువులున్నచో చెమ్మ గోడలోపలినుండి వచ్చుచున్నది. మనవైపు పట్టినచో గదిలో గాలి ఆడకపోవుటయే కారణము, దానికి ఎక్జాస్టు ఫ్యానే మందు.

పైయింటి లోపమని తేలినచో ముందుగా చేయవలసినది తగవు గాదు, పిలిచి చూపించుట. "అన్నయ్యగారూ, ఒక్కసారి కిందికి వచ్చి చూడండి, మీ జాలీ దగ్గరనుంచే దిగుతున్నట్టుంది, ప్లంబరును నేనే పిలిపిస్తాను" అను మాటకు కరగని పొరుగువారు అరుదు. అసోసియేషనుకు లిఖితముగా తెలుపుట ఆ పిమ్మటి మాట. బాగుచేసిన మీదట జాలీకి గుడ్డ దూర్చి, నేలమీద అంగుళమెత్తున నీరు నింపి, ఒక పూర్తి దినము నిలిపి, క్రింది పైకప్పు పొడిగా నున్నదో లేదో పరీక్షించవలెను. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే గోడ సంగతి. ఊడిన పెచ్చులను గీసి, తెల్లగా పొడివలె తేలిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులుపవలెను, తడిగుడ్డతో తుడిచినచో ఆ ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. గోడ పూర్తిగా ఆరుటకు కొన్ని వారములు పట్టవచ్చును. ఆ వారములు వేచియుండజాలని అమ్మువాడు రంగు వేయకుండ, "ఇదిగో ఇక్కడ లీకుండేది, ఫలానా తేదీన బాగుచేయించాం, గోడ ఆరుతోంది" అని చెప్పి బిల్లు చూపుటయే ఉత్తమము. ఆ మాట విన్నవారికి ఇంటిమీద నమ్మకము పెరుగునే గాని తగ్గదు.

దీనికి నీతియే గాక న్యాయశాస్త్రమును తోడుగా నున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షనులో, విరుద్ధమైన ఒప్పందము లేనియెడల, తనకు తెలిసియు, కొనువానికి తెలియకయు, సామాన్యమైన జాగ్రత్తతో అతడు కనుగొనజాలనట్టియు ముఖ్యలోపమును అమ్మువాడు వెల్లడింపవలెనని విధింపబడినది; అట్లు వెల్లడింపకుండుట మోసమని కూడ ఆ సెక్షనే స్పష్టముగా చెప్పుచున్నది. క్రొత్త రంగు క్రింద దాచిన చెమ్మ ఇట్టి లోపముల కోవలోనికే రాగలదు. కట్టడము క్రొత్తదైనచో మరియొక సదుపాయమున్నది: రెరా అని వాడుకలోనున్న 2016 నాటి చట్టమునుబట్టి, స్వాధీనము చేసిన నాటినుండి 5 ఏండ్లలోపల నిర్మాణమునందుగాని పనితనమునందుగాని బయటపడిన లోపమును తెలిపినచో బిల్డరు 30 దినములలో ఖర్చు తీసికొనకుండ సరిచేయవలెను. అమ్మకమునకు ముందే ఈ హక్కును వినియోగించుకొనుట తెలివైన పని.

విద్యుత్తు విషయము క్లుప్తముగా చెప్పెదను. వాషింగ్ మెషీనుకు 16 ఆంపియర్ల మూడు కన్నుల ప్లగ్గు కావలెను. వంటింటినుండి ఎక్స్‌టెన్షను తీగ లాగి నడుపుచున్నచో కొనవచ్చినవారు దానిని చూడగనే ఇంటి వైరింగంతటిని శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. నీరును కరెంటును కలిసియుండు గదిలో ఎర్తు తీగ నిజముగా పనిచేయుచున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించి, కరెంటు కారినంతనే సరఫరాను ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేనిచో పెట్టించుట ప్రాణరక్షణకు సంబంధించిన సంగతి. ఇల్లు అమ్ముడైనను కాకున్నను చేయవలసినదే. గ్యాసు సిలిండరు నిలువుగా, చేతికి అందుచోట ఉండవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది, కారినచో నేలనంటి ప్రాకును. అందుచేత గ్రిల్లు క్రింది భాగమును అట్టలతోను రేకులతోను మూసియుంచినవారు వానిని తక్షణమే తీసివేయవలెను. రబ్బరు గొట్టముమీద ముద్రించిన గడువు దాటినచో మార్పించవలెను.

గ్రిల్లు అనగానే పావురములు జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు ఫ్లాటులలో కాపురమున్నవారికి ఈ బాధను వర్ణింపనక్కరలేదు. యుటిలిటీ కిటికీ అంచున, ఏ.సి. డబ్బా వెనుక, గూడు కట్టి, రెట్టలు వేసి, ఆ తావును నిలువలేనిదిగా చేయును. ఎండిన రెట్టను పొడిచీపురుతో ఊడ్చుట ప్రమాదము. ఆ ధూళిలోని శిలీంధ్రములు ఊపిరితిత్తులకు చేటు తెచ్చును. నీళ్లు చల్లి బాగుగా నానబెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకొని, గీకి తీసి కడుగవలెను. ఆ వెంటనే నైలాను వల బిగించవలెను. గుడ్లో పిల్లలో ఉన్నచో అవి ఎగిరిపోవువరకు ఆగుట ధర్మము.

కొందరు గ్రిల్లునకు అద్దములు బిగించి యుటిలిటీని పూర్తి గదిగా మార్చి, ప్రకటనలో "అదనపు గది" అని వ్రాయుదురు. ఇది మంచిది కాదు. రెరా చట్టములోని కార్పెట్ ఏరియా నిర్వచనము ప్రకారము ఫ్లాటువారికి మాత్రమే చెందిన బాల్కనీ లెక్కలోనికి రాదు. పత్రములందు బాల్కనీగా చూపబడిన యుటిలిటీని మాటలలో గది చేసినచో, బ్యాంకు తరఫున వచ్చు వాల్యుయేటరు మంజూరైన ప్లానుతో సరిపోల్చునపుడు చిక్కు వచ్చును. పైగా అద్దములు మూసిన గదిలో బట్టలారవు, చెమ్మ పెరుగును.

ఇన్ని మరమ్మతులైన పిమ్మట అందము మాట. గోడలకు కడుగుటకు వీలైన లేతరంగు ఎమల్షను. పైన తెల్లని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. దీపము, మెషీను పైభాగమున సబ్బుపొడికిని క్లిప్పులకును ఒక్క అర, తాళ్లతో పైకి లాగు దండెము, చీపురు తగిలించుటకు తలుపు వెనుక ఒక కొక్కెము. ఇంతకుమించి చేయించరాదు. వేలకు వేలు పోసి చేయించు చెక్క బీరువాలు తడికి ఉబ్బును, కొనువారు తమ అవసరమునుబట్టి వానిని పీకివేయుదురు. మెషీనును మీతో తీసుకొనిపోదలచినచో దాని చోటును ఖాళీగా, శుభ్రముగా చూపవలెను. మెషీన్లు సామాన్యముగా 60 సెంటీమీటర్ల వెడల్పుండును గనుక, ఆ చోటు కొలతను, తలుపు కొలతను ముందే కొలిచి సిద్ధముగా నుంచుకొన్నచో అడిగినవారికి వెంటనే చెప్పవచ్చును. వాస్తు అడుగువారుందురు, దిక్సూచితో చూచి గది ఏ దిక్కున నున్నదో ఉన్నదున్నట్లు చెప్పుట చాలును, వాదము పెట్టుకొనరాదు.

నాకు మనస్సునకు మిక్కిలి దగ్గరైన సంగతి యొకటి యిక్కడ చెప్పవలెను. ఈ గదిలో ఇంటివారికంటె ఎక్కువ సేపు గడపునది గిన్నెలు తోమవచ్చు స్త్రీ. నేలమీది తొట్టివద్ద గొంతుకూర్చుండి, మోకాళ్లు నొవ్వ, చీకటిలో ఆమె చేయు పనిమీదనే ఆ ఇంటి శుభ్రత ఆధారపడియున్నది. తొట్టి స్థానమున నిలబడి తోముకొనుటకు వీలైన సింకును, దానిపై నేరుగా వెలుగు పడు దీపమును అమర్చినచో ఆమెకు సుఖము. కొనవచ్చిన వృద్ధులకును అదియే సౌకర్యముగా తోచును, ఏలనన పనిమనిషి రాని రోజున ఆ పని చేయునది వారే. ఇల్లు అమ్ముటకై చేయు ఖర్చులలో మరియొకరి శ్రమను తగ్గించునది ఇది యొక్కటియే యని చెప్పవచ్చును. అమ్మకముదాక ఆగక ఏనాడో చేయించి యుండవలసినదని చేయించినవారికే తోచును.

చూడవచ్చు దినమున అగరువత్తులతోను సుగంధపు బుడ్లతోను గదిని నింపరాదు. ఘాటైన పరిమళము తగిలినంతనే "ఏదో దాస్తున్నారు" అని తలచుట లోకసహజము. ఆ ఉదయము గిన్నెలు తోమించి, నేల ఆరనిచ్చి, తలుపు గ్రిల్లు తెరచి, దీపము వెలిగించియుంచుడు. వారు కుళాయి త్రిప్పుటకు సంకోచించుచున్నచో మీరే త్రిప్పుడు. "ఇక్కడ నీరు నిలుస్తుందాండీ?" అని పెద్దావిడ అడిగినచో నోటితో బదులు చెప్పుటకు ముందు మగ్గెడు నీరు ఆమె చేతికే ఇచ్చి పోయించుడు.

బేరము కుదిరి తాళములు అప్పగించునాడు ఒక కాగితము కూడ వ్రాసి యిచ్చుడు: ఏ వాల్వు ఏ కుళాయిదో, జాలీ మూత ఎట్లు తీయవలెనో, లీకు ఎక్కడ ఎప్పుడు బాగుచేయించితిరో, ఆ ప్లంబరు ఫోను నంబరు ఏదో. బిల్లులున్నచో దానికి జతపరచుడు. మొదటి వానాకాలము వచ్చినపుడు క్రొత్తగా వచ్చిన ఆ ఇల్లాలికి అన్నిటికంటె ముందుగా కావలసివచ్చునది ఆ కాగితమే.